భాష పాతదైతే నష్టం లేదు, పనిముట్టు మార్చుకుందాం



కుల్కచర్ల బ్రాంచిలో నేను ఎనిమిది, తొమ్మిది తరగతులకు గణితం చెబుతాను. వారానికి రెండు పీరియడ్లు కంప్యూటర్ ల్యాబ్ కూడా నాదే. ఈ నెల ఒక చిన్న సంఘటనతో మొదలుపెడతాను. మీలో చాలామంది ఇళ్లలో ఇలాంటిది జరిగే ఉంటుంది, లేదా పిల్లలు కాలేజీకి వెళ్లగానే జరుగుతుంది.

సంక్రాంతి సెలవులు అయిపోయి బడి తెరిచిన వారం. తొమ్మిదో తరగతి అబ్బాయి ఒకడు ల్యాబ్ దగ్గరికొచ్చి, "మేడం, మా అక్క ల్యాప్‌టాప్ల సీ వస్తలేదు. షాపాయన పాత విండోస్ ఎక్కించాలంటున్నడు, ఎక్కించుకోమంటరా?" అని అడిగాడు. అక్క హైదరాబాద్‌లో బీటెక్ మొదటి సంవత్సరం. మర్నాడు సాయంత్రం వాళ్ల నాన్నగారు ల్యాప్‌టాప్ సంచి భుజాన వేసుకుని స్వయంగా వచ్చారు. "కంది అమ్మిన పైసలతోని కొన్న మేడం. ఆర్నెల్లు గూడ కాలే. కొత్తది తీసుకుంటే మల్ల పాతది ఎక్కించుకోవాల్నంట. గిదేం లెక్క?" అన్నారు.

ఆయన ప్రశ్నలో న్యాయం ఉంది. జవాబు కూడా తేలికే. కానీ ఆ జవాబు వాళ్లకు ఎవరూ చెప్పలేదు. ఈ నెల దీని గురించే రాయాలనిపించింది అందుకే.

ఆ ల్యాప్‌టాప్‌లో అసలు ఏం జరిగింది?

ఆ అమ్మాయికి కాలేజీలో సీ భాష మొదలైంది. సీనియర్లు "టర్బో సీ దించుకో" అన్నారు. ఆమె ఇంటర్నెట్‌లో వెతికి, మొదట కనిపించిన పెద్ద ఆకుపచ్చ బటన్ నొక్కింది. టర్బో సీ వచ్చింది కానీ తెరుచుకోలేదు. దాంతోపాటు అడగని ప్రోగ్రాములు రెండు మూడు వచ్చి కూర్చున్నాయి. షాపులో చూపిస్తే, పాత విండోస్ 7 ఎక్కిస్తే పనిచేస్తుందని చెప్పారు.

షాపాయన చెప్పింది పూర్తిగా అబద్ధం కాదు. టర్బో సీని బోర్లాండ్ అనే అమెరికా కంపెనీ 1987లో విడుదల చేసింది. అది డాస్ కాలపు 16 బిట్ ప్రోగ్రాము. ఇప్పటి 64 బిట్ విండోస్ 16 బిట్ ప్రోగ్రాములను నేరుగా నడపదు. పాత 32 బిట్ విండోస్ నడుపుతుంది. కాబట్టి ఆయన సలహా పని చేసేదే. కానీ విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ 2020 జనవరి 14తో భద్రతా అప్‌డేట్లు ఆపేసింది. ఆ ల్యాప్‌టాప్‌లోనే ఇంటివాళ్లు బ్యాంకు ఖాతా చూస్తారు, స్కాలర్‌షిప్ దరఖాస్తులు పెడతారు. ఒక పాత కంపైలర్ కోసం ఇంటి తలుపు తీసి పెట్టడం తెలివైన పని కాదు.

నేను చేసిందల్లా, అడగకుండా వచ్చిన ప్రోగ్రాములు తీసేసి, కోడ్ బ్లాక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ దాని అసలు వెబ్‌సైట్ నుంచి ఎక్కించడం. అందులో జీసీసీ అనే కంపైలర్ కలిసి వస్తుంది. అరగంట పట్టింది. ఖర్చు సున్నా. అక్క రాసిన ప్రోగ్రాములో మూడు చోట్ల మార్చాం. "వాయిడ్ మెయిన్" బదులు "ఇంట్ మెయిన్" రాశాం. "కోనియో" అనే హెడర్ ఫైలు తీసేశాం. తెర తుడిచే "క్లియర్ స్క్రీన్", చివర్లో ఆగే "గెట్ సీహెచ్" పిలుపులు తీసేశాం. ప్రోగ్రాము నడిచింది.

భాష వేరు, కంపైలర్ వేరు

ఇక్కడ నేను చెప్పదలచుకున్న అసలు మాట ఇదే. పిల్లలు, పెద్దలు, కొన్నిసార్లు లెక్చరర్లు కూడా ఈ రెండింటినీ ఒకటే అనుకుంటారు. సీ ఒక భాష. బెల్ ల్యాబ్స్‌లో డెనిస్ రిచీ దాన్ని 1972 ప్రాంతంలో తయారుచేశారు. కంపైలర్ అంటే మనం రాసిన ప్రోగ్రామును యంత్రానికి అర్థమయ్యే సూచనలుగా మార్చే పనిముట్టు. టర్బో సీ అలాంటి ఒక పనిముట్టు మాత్రమే. జీసీసీ ఇంకొకటి.

విచిత్రం ఏమిటంటే, జీసీసీ మొదటి విడుదల కూడా 1987లోనే. రిచర్డ్ స్టాల్‌మన్ మొదలుపెట్టారు. రెండూ ఒకే ఏడాది పుట్టాయి. ఒకటి డాస్‌తోనే ఆగిపోయింది. రెండోది వందలమంది చేతుల మీదుగా ఇప్పటికీ పెరుగుతూనే ఉంది. సీ భాషకు 1989లో మొదటి ప్రమాణం వచ్చింది. తాజా ప్రమాణం 2024లో ప్రచురితమైంది. అంటే భాష పాతదే కానీ చచ్చిపోలేదు. మనం పిల్లలకు నేర్పుతున్న పైథాన్ కూడా, అందరూ వాడే దాని ప్రధాన రూపం, సీ లోనే రాసి ఉంది.

మన తాండూరు కందిని చూడండి. 2022లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. పంట తాతల నాటిదే, నేల అదే. నూర్చే పద్ధతి మాత్రం కర్రల నుంచి మిషన్‌కు మారింది. మిషన్ మారిందని ఎవరూ కందిని తప్పు పట్టలేదు.

ఏ పనిముట్టు వాడితే ఏముంది, పని జరిగితే చాలు కదా అని ఎవరైనా అనవచ్చు. నా సొంత అనుభవం చెబుతాను. డిగ్రీ మొదటి సంవత్సరంలో ఫ్యాక్టోరియల్ ప్రోగ్రాము రాశాను. 7 ఫ్యాక్టోరియల్ 5040 అని సరిగ్గా వచ్చింది. 8 ఇస్తే మైనస్ 25216 అని చూపించింది. 40320 రావాలి. ఎంత వెతికినా తప్పు దొరకలేదు. "7 వరకే రాసి రికార్డు సబ్మిట్ చేయండి" అన్నారు. క్లాసులో అందరం అలాగే చేశాం. లెక్క నాకు రాదేమో అని అనుకున్నాను.

కారణం చాలా ఏళ్ల తర్వాత, పిల్లలకు పాఠం సిద్ధం చేసుకుంటున్నప్పుడు తెలిసింది. టర్బో సీలో మామూలు పూర్ణసంఖ్యకు రెండు బైట్ల స్థలమే ఉంటుంది. అందులో పట్టే పెద్ద సంఖ్య 32767. దాన్ని దాటితే సంఖ్య తిరగబడి రుణాత్మకం అవుతుంది. 40320 నుంచి 65536 తీసేస్తే సరిగ్గా మైనస్ 25216 వస్తుంది. ఇప్పటి కంపైలర్లలో అదే పూర్ణసంఖ్యకు నాలుగు బైట్లు ఉంటాయి. అక్కడ 12 ఫ్యాక్టోరియల్ వరకు సరిగ్గా వస్తుంది, 13 దగ్గర మళ్లీ తప్పుతుంది. ఈ రెండు హద్దులూ పక్కపక్కన చూపిస్తే పిల్లలకు కంప్యూటర్ సంఖ్యలను ఎలా దాచుకుంటుందో ఒక్క పీరియడ్‌లో అర్థమవుతుంది. మాకు అది దాచిపెట్టి, "7 వరకే రాయండి" అన్నారు. మీ పిల్లలకు అలా జరగకూడదని నా పట్టుదల.

"పాతవి ఎందుకు మేడం, ఏఐ నేర్పండి"

గత పేరెంట్స్ మీటింగ్‌లో ఒక తల్లి ఈ మాట అన్నారు. మంచి ప్రశ్నే. ఏఐ అనే రంగం మొదటి దశాబ్దాల్లో ఎక్కువగా వాడిన భాష లిస్ప్. దాన్ని జాన్ మెకార్తీ 1958లో రూపొందించారు. అదే మెకార్తీ దగ్గర స్టాన్‌ఫర్డ్‌లో 1966లో డాక్టరేట్ పూర్తిచేసినవారు మన తెలుగువారు, చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి గారు. 1994లో ఆయనకు ట్యూరింగ్ అవార్డు వచ్చింది. ఆ అవార్డు అందుకున్న మొదటి ఆసియా వ్యక్తి ఆయన. లిస్ప్ ఈ రోజుకీ ఉచితంగా దొరుకుతుంది. స్టీల్ బ్యాంక్ కామన్ లిస్ప్ అని వెతికితే చాలు. కొత్తదాని మూలం తెలుసుకోవాలంటే పాతదాన్ని ఒకసారి తడమాల్సి వస్తుంది.

ఇంకో కారణం మన ఊళ్లకు మరీ దగ్గరిది. 1990ల చివర్లో అమీర్‌పేటలో కోబాల్ కోర్సుల బోర్డులు చూసినవాళ్లు మీలో ఉండే ఉంటారు. కోబాల్ 1959లో మొదలైన భాష. బ్యాంకులు, బీమా సంస్థలు, ప్రభుత్వ శాఖలు దాని మీదే లెక్కలు నడిపాయి. అప్పట్లో కంప్యూటర్ మెమరీ చాలా ఖరీదు కాబట్టి సంవత్సరాన్ని చివరి రెండు అంకెలతోనే దాచేవారు. 2000 రాగానే యంత్రం "00"ను 1900గా అనుకుంటే వడ్డీలు, గడువులు, వయసులు అన్నీ తప్పుతాయి. ఆ తప్పు సరిదిద్దడానికి లక్షల లైన్ల కోడ్ చదివి మార్చే మనుషులు కావాల్సి వచ్చింది. అలా ఎందరో తెలుగు యువకులు విమానం ఎక్కారు. మీ బంధువుల్లో ఒకరైనా అలా వెళ్లినవారు ఉండవచ్చు.

ఆ కథ 2000తో ముగియలేదు. 2020 ఏప్రిల్‌లో కరోనా సమయంలో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో నిరుద్యోగ భృతి దరఖాస్తులు వెల్లువెత్తాయి. ఆ రాష్ట్రపు పాత కంప్యూటర్ల కోసం కోబాల్ తెలిసినవాళ్లు ముందుకు రావాలని గవర్నర్ బహిరంగంగా కోరారు. అదే సమయంలో ఐబీఎం, ఓపెన్ మెయిన్‌ఫ్రేమ్ ప్రాజెక్ట్ కలిసి కోబాల్ ఉచిత కోర్సు విడుదల చేశాయి. ఒకప్పుడు వేలు పోసి నేర్చుకున్నది ఇప్పుడు ఊరికే దొరుకుతోంది. కంపైలర్ కూడా అంతే, గ్నూ కోబాల్ ఉచితం. మీ ఇంటి అటక మీద అన్నయ్యదో, బాబాయిదో కోబాల్ జిరాక్స్ నోట్సు ఉంటే దాన్ని పాత పేపర్ల వాడికి వేయకండి. అందులోని మొదటి ప్రోగ్రాము చిన్నచిన్న మార్పులతో ఇంట్లోనే నడిపి చూడవచ్చు.

అయితే ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఎనిమిదో తరగతి పిల్లలందరికీ కోబాల్ నేర్పాలని నేను అనడం లేదు. మన పిల్లలకు ముందు స్క్రాచ్, తర్వాత పైథాన్ సరైన దారి. ఎవరికైనా అవసరమో ఆసక్తో ఉండి పాత భాష వైపు వెళ్తే, "అది పనికిరాదు" అని ఆపకూడదు. అలాగని అపాయం ఉన్న చోట్ల దించుకోనివ్వకూడదు. నేను చెబుతున్నది ఇంతే.

ఎక్కడ, ఎలా వెతకాలి?

నేను పిల్లలకు నేర్పే పద్ధతి ఇది. మీరూ ఇంట్లో చూసుకోవచ్చు.

మొదటిది, భాష పేరు రాసి, దాని పక్కన ఇప్పటికీ నడుస్తున్న కంపైలర్ పేరు రాయండి. సీకి జీసీసీ. 1957లో ఐబీఎంలో పుట్టిన ఫోర్ట్రాన్‌కు జీఫోర్ట్రాన్, అది కూడా జీసీసీ కుటుంబమే. పాస్కల్‌కు ఫ్రీ పాస్కల్. బేసిక్‌కు క్యూబీ64. కోబాల్‌కు గ్నూ కోబాల్. చిన్న పిల్లలకు తాబేలు బొమ్మతో గీతలు గీయించే లోగోకు బర్కిలీ లోగో. ఇవన్నీ ఉచితం.

రెండోది, దించుకునే చోటు చూడండి. ఆ సాఫ్ట్‌వేర్ తయారుచేసేవాళ్ల సొంత వెబ్‌సైటేనా? లైసెన్సు గురించి రాసి ఉందా? నాలుగు "డౌన్‌లోడ్" బటన్లు మెరుస్తూ కనిపిస్తే ఆ పేజీ మూసేయండి. కోడ్ బ్లాక్స్ దించుకునేటప్పుడు ఫైలు పేరులో "మింగ్‌డబ్ల్యూ" అని ఉన్నది ఎంచుకోవాలి, కంపైలర్ అందులోనే కలిసి ఉంటుంది. అది లేనిది దించుకుని "పనిచేయడం లేదు" అని బాధపడే పిల్లలు చాలామంది.

మూడోది, పుస్తకం చూసినప్పుడు ముందు ముద్రణ సంవత్సరం చూడండి. సీ ప్లస్ ప్లస్ పుస్తకంలో మొదటి లైనులో "ఐఓస్ట్రీమ్ డాట్ హెచ్" అని ఉంటే అది 1998 ప్రమాణానికి ముందు పద్ధతి. ఇప్పటి కంపైలర్లు దాన్ని ఒప్పుకోవు. పుస్తకం చెడ్డదని కాదు. ఆ ఒక్క లైను ఎలా మార్చాలో తెలిస్తే మిగతా పాఠం పనికొస్తుంది.

నాలుగోది, నేర్చుకునే వనరులు. ఐఐటీ బాంబే వారి స్పోకెన్ ట్యుటోరియల్ ప్రాజెక్టులో సీ, సీ ప్లస్ ప్లస్ లాంటి విషయాలపై చిన్న వీడియో పాఠాలు ఉన్నాయి. తెలుగుతో సహా అనేక భారతీయ భాషల్లో ఆ ప్రాజెక్టు పాఠాలు అందిస్తోంది. ఇంగ్లిష్ మీడియం పిల్లలైనా మొదటిసారి తెలుగులో విని, తర్వాత ఇంగ్లిష్‌లో చదివితే త్వరగా పట్టుకుంటారు. ఇది నేను ల్యాబ్‌లో కళ్లారా చూస్తున్నది. లోగో మీద బర్కిలీ ఆచార్యుడు బ్రయన్ హార్వీ రాసిన మూడు పుస్తకాలు ఆయనే ఉచితంగా చదువుకోవడానికి పెట్టారు. పాత మాన్యువళ్లు, పత్రికలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో స్కాన్ రూపంలో దొరుకుతాయి.

ఐదోది, ఇంట్లో పాత కంప్యూటర్ మూలన పడి ఉంటే అమ్మేయకండి. దాని మీద లైనక్స్ ఎక్కిస్తే పైన చెప్పిన కంపైలర్లలో చాలావరకు దాని సొంత సాఫ్ట్‌వేర్ భాండాగారం నుంచే వస్తాయి. వేరే వెబ్‌సైట్ల చుట్టూ తిరగక్కరలేదు. ల్యాప్‌టాప్ లేకపోతే ఫోను బ్రౌజర్‌లో నడిచే ఆన్‌లైన్ కంపైలర్లతో మొదలుపెట్టవచ్చు.

మరి కాలేజీ ల్యాబ్‌లో టర్బో సీయే కావాలంటే? అప్పుడు డాస్‌బాక్స్ అనే ఉచిత ప్రోగ్రాము ఉంది. కొత్త విండోస్ లోపల పాత డాస్ వాతావరణాన్ని అది సృష్టిస్తుంది. విండోస్ మార్చక్కరలేదు. టర్బో సీ 2.01 వంటి తొలి వెర్షన్లను బోర్లాండ్ తర్వాతి కాలంలో ఉచితంగా ఇచ్చింది. కానీ పెన్‌డ్రైవ్‌లలో చేతులు మారే టర్బో సీ ప్లస్ ప్లస్ 3.0 ఆ ఉచిత జాబితాలోది కాదు. ఈ తేడా పిల్లలకు చెప్పాలి. ఊరికే దొరికిందల్లా ఉచితం కాదని చిన్నప్పుడే తెలిస్తే మంచిది.

నా విన్నపం

మేనేజ్‌మెంట్‌ను ఈ పేజీ ద్వారానే అడుగుతున్నాను. మన బ్రాంచి ల్యాబ్ కంప్యూటర్లలోనూ టర్బో సీ నీలి తెర ఇంకా ఉంది. వచ్చే విద్యా సంవత్సరం మొదలయ్యేలోగా అన్నిట్లో జీసీసీ, ఫ్రీ పాస్కల్, బర్కిలీ లోగో ఎక్కిద్దాం. డబ్బు ఖర్చు లేదు, రెండు శనివారాల పని. ఆ పని నేను చేస్తాను. నీలి తెరను ఒక్క కంప్యూటర్లో మాత్రం ఉంచుదాం. 8 ఫ్యాక్టోరియల్ చూపించడానికి అది కావాలి.

తల్లిదండ్రులను అడిగేది కూడా చిన్నదే. ఎవరైనా "కొత్తది కొనండి" అన్నా, "పాత విండోస్ ఎక్కించండి" అన్నా డబ్బు తీసే ముందు మూడు ప్రశ్నలు అడగండి. ఏ భాష కోసం? ఏ కంపైలర్? దానికి ఇప్పటి ఉచిత ప్రత్యామ్నాయం లేదా? జవాబు రాకపోతే ల్యాబ్‌కు రండి. మధ్యాహ్నం మూడున్నర తర్వాత నేను ఉంటాను. మీ అబ్బాయి మన బడిలో ఉన్నాడా, అక్క కాలేజీలో ఉందా అని చూడను.

మీ కుటుంబాల్లో కోబాల్, ఫోర్ట్రాన్, పాస్కల్ మీద పని చేసినవాళ్లు ఉంటే, సెలవుల్లో ఊరికి వచ్చినప్పుడు ఒక శనివారం మా ల్యాబ్‌కు తీసుకురండి. వాళ్లు చెప్పే అరగంట మాటలు మా నాలుగు పీరియడ్ల పాఠం కన్నా పిల్లలకు ఎక్కువ గుర్తుంటాయి.

ఆ రోజు ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకుంటూ ఆ తండ్రి, "పైసలెంత మేడం?" అని అడిగారు. ఏమీ లేదన్నాను. ఆయన నమ్మలేదు. "గింత మంచిగ నడిచేది ఊకెనే ఎట్లిస్తరు?" అన్నారు. ఎక్కడెక్కడి మనుషులో ఏళ్ల తరబడి రాసి అందరికీ ఇచ్చారని చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, కొడుకు వైపు తిరిగి, "అయితే నువ్వు గూడ నేర్సుకో, ఎవనికన్న ఇయ్యి" అన్నారు. వాడు ఇప్పుడు ప్రతి శనివారం ల్యాబ్‌లో అందరికంటే ముందు కూర్చుంటున్నాడు.

— గణితం, కంప్యూటర్ ఉపాధ్యాయురాలు, కుల్కచర్ల బ్రాంచి